బ్యాగు సర్దేశారు సరే, బట్టలు ఉతకడం వచ్చా?

కౌన్సెలింగ్‌లు అయిపోయి సీట్లు కన్ఫర్మ్ అయ్యేసరికి ఇళ్లల్లో అందరి ధ్యాసా ట్రంకు పెట్టె మీదకి మళ్లింది. ఈ నెల మాకొచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఎక్కువ భాగం హాస్టల్ గురించే, అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. జవాబులు రాస్తున్నది ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తూ అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా కూడా చేసిన లెక్చరర్. ఉత్తరాలు రాసినవాళ్ల పేర్లు వేయట్లేదు.

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లోనే ఉన్నాడండీ, అలవాటే. ఇప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్తున్నాడు. ఏమేం కొనిపెట్టాలో ఒక లిస్టు చెప్తే చాలు. – ఒక తల్లి, నరసరావుపేట

లిస్టు చెప్తానమ్మా, కానీ ముందు మీ మొదటి మాట దగ్గర కాస్త ఆగుదాం. "ఇంటర్లో హాస్టలే కదా, అలవాటే" అనే మాట చాలామంది తల్లుల దగ్గర విన్నా, సరిగ్గా ఆ పిల్లలే ఫస్ట్ సెమ్‌లో ఎక్కువ తడబడటం కూడా చూశా. ఇంటర్ హాస్టల్లో మీవాడి రోజుని నడిపింది వాడు కాదు కదా. తెల్లారకుండానే తలుపు కొట్టి లేపేవాళ్లు ఒకళ్లు, స్టడీ అవర్లో వెనకాల నిలబడి చూసేవాళ్లు ఒకళ్లు, ఫోన్ చేతికివ్వరు, ఔటింగ్ అంటే మీరొచ్చి సంతకం పెట్టాలి, బట్టలు చాకలికి వేసేస్తారు. ఇంజనీరింగ్‌లో ఇవేవీ ఉండవు. పొద్దున లేవకపోతే ఎవరూ లేపరు, టిఫిన్ టైం దాటిపోతే మెస్ కౌంటర్ మూసేస్తారు, క్లాసుకి వెళ్లకపోతే ఆ రోజు ఎవరూ అడగరు, అది రెండు నెలల తర్వాత అటెండెన్స్ షీట్‌లో కనపడుతుంది, అప్పుడు మీకు ఫోనొస్తుంది. దానికి తోడు రెండేళ్లు ఫోన్ లేకుండా ఉన్న పిల్లాడి చేతికి ఒక్కసారిగా ఫోను, వైఫై, రాత్రంతా ఖాళీ టైం వస్తాయి. నేను చూసినంతలో మొదటి సెమిస్టర్‌ని తినేసేది లెక్కల సబ్జెక్టు కన్నా ఈ రాత్రుళ్లే.

అందుకే ఈ మిగిలిన రోజుల్లో ఇంట్లో ఒక పని చేయండి, వాడిని మీరు లేపకండి. అలారం వాడే పెట్టుకోవాలి, వాడే లేవాలి, లేవకపోతే టిఫిన్ చల్లారిపోనివ్వండి. మీకు కష్టంగానే ఉంటుంది, తెలుసు. బ్యాంకుకి ఒక్కడినే పంపి ఫారం వాడితోనే నింపించండి, జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి వాడే వెళ్లి ఏమైందో వాడే చెప్పి మందులు వాడే తెచ్చుకోవాలి. ఫోన్ గురించి లెక్చర్లు వద్దు గానీ రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ మంచానికి దూరంగా పెట్టే అలవాటు ఇంట్లోనే మొదలైతే అక్కడ నిలబడుతుంది, అక్కడికెళ్లాక కొత్తగా మొదలుపెట్టడం చాలా కష్టం.

బట్టలు ఉతకడం మాత్రం మీరు పక్కన నిలబడి నేర్పించండి. చాలామంది అబ్బాయిలు వారం బట్టలన్నీ ఒకే బకెట్లో కుక్కి, సర్ఫ్ గుప్పెడు పోసి రాత్రంతా వదిలేస్తారు, పొద్దున చూస్తే కొత్త జీన్స్ రంగంతా దిగి తెల్ల చొక్కా నీలంగా తయారవుతుంది, బకెట్ వాసనొస్తుంది. రంగు దిగేవి విడిగా నానబెట్టాలి, అరగంట చాలు, కాలరుకీ చేతి మడతలకీ సబ్బు రాసి బ్రష్‌తో రుద్దాలి, జాడించిన నీళ్లలో నురగ పోయేదాకా జాడించాలి, జీన్స్ తిరగేసి ఆరేయాలి, లోదుస్తులు ఏ రోజువి ఆ రోజే. ఇంతే, కానీ చేత్తో చేస్తేనే వస్తుంది. కొన్ని హాస్టళ్లలో వాషింగ్ మెషిన్లు ఉంటాయి, ఆదివారం వాటి ముందు క్యూ కూడా ఉంటుంది.

ఇక లిస్టు. పరుపు ఇక్కడ కొనకండి, ముందు హాస్టల్ ఆఫీసుకి ఫోన్ చేసి మంచం వాళ్లిస్తారా, సైజెంత అని అడగండి, మామూలుగా ఆరడుగులు బై మూడడుగులు ఉంటుంది, కాలేజీ దగ్గర షాపుల్లో అదే సైజువి దొరుకుతాయి. బకెట్, మగ్గు, చీపురు, హ్యాంగర్లు, బట్టలారేసే తాడు కూడా అక్కడే. ఇంటి దగ్గర్నుంచి తీసుకెళ్లాల్సినవి: రెండు దుప్పట్లు, దిండు, నాలుగు మూలలా కట్టుకోడానికి తాళ్లున్న దోమతెర, తాళం వేసే పెట్టె, రెండు తాళాలు, ఒక స్టీలు పళ్లెం గ్లాసు, రెండు తువ్వాళ్లు, బాత్రూం చెప్పులు, గొడుగు, ఒక చిన్న మందుల డబ్బా. బట్టలు మరీ ఎక్కువ పెట్టకండి, బీరువాలో ఒక అర దొరికితే అదే గొప్ప. కెటిల్, ఇండక్షన్ స్టవ్, ఇస్త్రీ పెట్టె చాలా హాస్టళ్లలో నిషేధం, గదుల వైరింగ్ అంత లోడ్ తట్టుకోదు, తనిఖీలో దొరికితే తీసేసుకుని ఫైన్ వేస్తారు, కాబట్టి రూల్స్ చదివాకే కొనండి.

పచ్చడి పెట్టకుండా మీరు ఎలాగూ ఉండరు, పెట్టండి. ఆవకాయ సీసా నిండా నింపకండి, పైన రెండు వేళ్ల జాగా వదిలి, మూత కింద పాలిథిన్ కవరు వేసి బిగించి, సీసాని పాత టవల్లో చుట్టి, ఆ టవల్‌ని ఇంకో కవర్లో పెట్టి, బట్టల బ్యాగులో కాకుండా విడిగా చేతి సంచిలో నిలబెట్టి తీసుకెళ్లండి. నూనె కారి సర్టిఫికెట్ల ఫైలు మీద పడటం నా కళ్లతో చూశా. పచ్చడి కన్నా కందిపొడి, కరివేపాకు కారం, నల్లకారం బెటర్, మెస్ అన్నం ఎలా ఉన్నా పొడీ కాస్త నెయ్యీ ఉంటే ముద్ద దిగుతుంది. సున్నుండలు, జంతికలు కాస్త ఎక్కువే పెట్టండి, మొదటి రాత్రి డబ్బా మూత తీస్తే పక్క గదుల వాళ్లూ వస్తారు, పేర్లు అలాగే తెలుస్తాయి.

ప్రశ్న: మేడమ్, మాది వ్యవసాయం. బాబుకి జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో సీటొచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీకి ఇచ్చేయాలా? నెలకి డబ్బులెంత పంపాలి? – ఒక తండ్రి, జమ్మికుంట

సర్టిఫికెట్ల సంగతి ముందు చెప్తానండీ. ఒరిజినల్స్ చూసి వెరిఫై చేసుకుని తిరిగి ఇచ్చేయాలి, దగ్గర ఉంచుకోకూడదు అని యూనివర్సిటీల్ని పర్యవేక్షించే యూజీసీ 2018లో స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చింది. టీసీ ఒక్కటి మాత్రం ఇచ్చేయాల్సిందే, అది కాలేజీలోనే ఉంటుంది. మిగతావి పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం ఇవన్నీ వాళ్లు ఉంచుకుంటామంటే ఏమేం తీసుకున్నారో రాసి, సంతకం, స్టాంపు వేసిన రసీదు అడగండి, గట్టిగానే అడగండి, అది మీ హక్కు. వెళ్లే ముందే అన్నీ స్కాన్ చేయించి బాబు మెయిల్లో ఒక కాపీ, మీ ఇంట్లో ఒక సెట్ జిరాక్సులు ఉంచండి, టీసీ జిరాక్స్ మాత్రం మర్చిపోకండి, ఇచ్చాక మళ్లీ చేతికి రాదు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు బాగా ఎక్కువ తీయించండి, ఐడీ కార్డు, హాస్టల్ ఫారం, లైబ్రరీ, బ్యాంకు, ప్రతి చోటా అడుగుతారు.

ఇంకో విషయం, ఇది మీరు అడగలేదు కానీ రీయింబర్స్‌మెంట్ ఉన్న ప్రతి ఇంటికీ అవసరం. బాబు ఆధార్‌కి ఏ ఫోన్ నంబర్ లింక్ అయి ఉందో ఇవాళే చూడండి. చిన్నప్పుడు తీసిన ఆధార్ కాబట్టి చాలామందికి నాన్నదో, బాబాయిదో, ఎప్పుడో పోయిన సిమ్ముదో ఉంటుంది. అక్కడ పిల్లాడు ఆన్‌లైన్ ఫారం ముందు కూర్చుంటాడు, ఓటీపీ ఏమో పొలంలో ఉన్న మీ ఫోన్‌కి వస్తుంది, మీరు చూసేలోపు టైం అయిపోతుంది. ఆ నంబర్ బాబుదే ఉండేలా మార్పించండి. 15 ఏళ్లకి వేలిముద్రలు మళ్లీ ఇచ్చి అప్‌డేట్ చేయించాలి, అది చేశారో లేదో చూసుకోండి, లేకపోతే స్కాలర్‌షిప్ వెరిఫికేషన్‌లో వేలు పెట్టినప్పుడు మ్యాచ్ కాదు. బాబు పేరు మీద బ్యాంకు అకౌంటు ఉండాలి, దానికి ఆధార్ లింక్ అయితే సరిపోదు, స్కాలర్‌షిప్ డబ్బులు పడేలా ఎన్‌పీసీఐ మ్యాపింగ్ కూడా అయిందా అని బ్యాంకులో అడగండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు స్పెల్లింగ్ ఒకటేనా చూడండి. ఇంటి పేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించండి, నాలుగేళ్లు తిప్పలుండవు.

నెలకి ఎంత అనేది మీ వీలుని బట్టి, కాలేజీ ఉన్న ఊరిని బట్టి ఉంటుంది, కానీ నెల డబ్బు మొత్తం ఒకేసారి వేయకండి, మొదటి సెమిస్టర్‌లో వారం వారం వేయండి. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేటప్పుడు డబ్బు పోతున్నట్టే తెలియదు, టీ, మ్యాగీ, రీఛార్జ్, ఎవరిదో బర్త్‌డే కేకు, ఇట్లా చిన్న చిన్నవే వారానికి పెద్దవవుతాయి. ఇంటి పరిస్థితి కూడా బాబుకి దాచకుండా చెప్పండి. పంటకి ఎంతొచ్చింది, ఫీజుకి ఎంత పోయింది అన్నది తెలిసిన పిల్లలు జాగ్రత్తగానే ఉంటారు, అప్పు చేసి మరీ పంపుతూ "నీకెందుకురా ఆ సంగతి, నువ్వు చదువుకో" అనడం వల్ల పిల్లలకి మేలు జరగదు. ఊరెళ్లినప్పుడు మెస్ బిల్లులో ఆ రోజులు తగ్గిస్తారు చాలా చోట్ల, కానీ ముందే లెటర్ రాసిచ్చి వెళ్లాలి, వచ్చాక అడిగితే కుదరదు.

ప్రశ్న: అక్కా, నేను పదో తరగతి జిల్లా పరిషత్ స్కూల్లో, ఇంటర్ గవర్నమెంట్ కాలేజీలో, అంతా తెలుగు మీడియమే. ఇప్పుడు బీటెక్‌లో చేరా. ఓరియెంటేషన్ మూడు వారాలు అంటున్నారు, అందులో స్టేజి ఎక్కి ఇంగ్లిష్‌లో పరిచయం చేసుకోవాలంట. భయంగా ఉంది, ఆ మూడు వారాలు ఇంటి దగ్గరే ఉండి క్లాసులు మొదలయ్యాక వెళ్తే ఏమవుతుంది? – ఒక విద్యార్థిని, పాలకొండ

వెళ్లు తల్లీ, మొదటి రోజు నుంచే వెళ్లు. సరిగ్గా నీలాంటి పిల్లల కోసమే ఆ మూడు వారాలు పెట్టారు. పల్లె నుంచి, పట్నం నుంచి, రకరకాల మీడియంల నుంచి వచ్చిన పిల్లల్ని తెచ్చి ఒక్కసారిగా క్లాసులో కూర్చోబెట్టేస్తే కొందరు మొదటి నెలలోనే వెనకబడిపోతున్నారని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ బీటెక్ మొదటి ఏడాదికి మూడు వారాల ఇండక్షన్ పెట్టింది, యూజీసీ కూడా 2019లో దీక్షారంభ్ పేరుతో డిగ్రీ కాలేజీలన్నిటికీ అలాంటిదే చేయమంది. ఆటలు, బొమ్మలు, పాటలు, విలువల మీద చర్చలు, ఇంగ్లిష్, కంప్యూటర్‌లో వెనకున్నవాళ్లకి అదనపు క్లాసులు, డిపార్ట్‌మెంట్ చూపించడం, ఊరు చూపించడం, ఇవీ అందులో ఉండాల్సినవి. కొన్ని కాలేజీలు వారంలో చుట్టేస్తాయి, కొన్ని నిజంగా బాగా చేస్తాయి, ఎలా చేసినా ఆ రోజుల్లో పరీక్ష లేదు, మార్కులు లేవు, అందరూ కొత్తే. మూడు వారాల తర్వాత నువ్వెళ్తే అప్పటికి అందరికీ గ్రూపులు ఏర్పడి ఉంటాయి, కొత్త నువ్వొక్కదానివే అవుతావు.

స్టేజి మీద పరిచయం అంటే నాలుగు వాక్యాలు. పేరు, ఊరు, చదివిన కాలేజీ, నీకు ఇష్టమైన ఒక పని. ఇంట్లో అద్దం ముందు కాదు, మీ అమ్మానాన్నల ముందు నిలబడి గట్టిగా చెప్పి చూడు, మనిషి ముందు నోరు తెరవడమే అసలు ప్రాక్టీసు. మాట మధ్యలో ఆగిపోతే తెలుగులో పూర్తి చేసేయ్, హాల్లో సగం మందికి అదే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. నువ్వు మొదట చేస్తే వాళ్లకి ధైర్యం వస్తుంది.

క్లాసుల సంగతికొస్తే, మొదటి నెల కష్టమే, నిజం చెప్తున్నా. లెక్చరర్ చెప్పింది ఇంగ్లిష్ వల్ల అర్థం కావట్లేదా, సబ్జెక్టు వల్లా అనేది విడదీసుకో. ఎక్కువసార్లు ఫిజిక్స్, మ్యాథ్స్ నీకు తెలిసినవే ఉంటాయి, పదాలే కొత్త. ప్రతి సబ్జెక్టుకీ వెనక పేజీల్లో పదాల పట్టిక రాసుకో, అవకలనం పక్కన డిఫరెన్షియేషన్, జడత్వం పక్కన ఇనర్షియా, ఇట్లా. నెల తిరిగేసరికి ఆ పట్టిక చూడాల్సిన పని తగ్గిపోతుంది. ఏఐసీటీఈ మొదటి ఏడాది పుస్తకాలు తెలుగులో కూడా వేయించింది, ఇ-కుంభ్ పోర్టల్లో ఫ్రీగా దింపుకోవచ్చు, సంకోచించకుండా వాడుకో. అయితే పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి తెలుగులో అర్థం చేసుకుని జవాబు మాత్రం ఇంగ్లిష్‌లో రాసి చూసుకో.

ఓరియెంటేషన్‌లో ఒకరోజు రెగ్యులేషన్స్ చెప్తారు, అందరూ నిద్రపోయే సెషన్ అదే, నువ్వు మాత్రం నోట్స్ రాసుకో. అటెండెన్స్ 75 శాతం ఉండాలి, జేఎన్‌టీయూ పద్ధతిలో అయితే 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లకి ఆరోగ్య కారణాలు చూపిస్తే ఫీజు కట్టించుకుని వదిలే వీలుంది, 65 కన్నా తగ్గితే డిటైన్ చేస్తారు, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. మిడ్స్‌కి ఎన్ని మార్కులు, ఫైనల్‌కి ఎన్ని, పై ఏడాదికి వెళ్లాలంటే ఎన్ని క్రెడిట్లు కావాలి, ఇవి కాలేజీవాళ్లిచ్చే రెగ్యులేషన్స్ బుక్‌లో ఉంటాయి. సీనియర్లు చెప్పింది కాకుండా నీ బ్యాచ్ రెగ్యులేషన్ ఏదో అదే చూడు, మూడు నాలుగేళ్లకోసారి మారుతుంటాయి.

ఇంకొకటి, మొదటి వారంలోనే ఒక లెక్చరర్ దగ్గరికి వెళ్లి "మేడమ్, నాది తెలుగు మీడియం, డౌట్లుంటే మీ దగ్గరికి రావచ్చా" అని అడుగు. కాదనే టీచరు నాకైతే తారసపడలేదు. అలా అడిగిన పిల్లలు మాకు గుర్తుంటారు, క్లాసులో వాళ్ల మొహం చూసి పాఠం నెమ్మది చేస్తాం.

ప్రశ్న: నాకు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న ఎన్ఐటీ హమీర్‌పూర్‌లో సీటొచ్చింది. హిందీ రాదు, చలి తెలియదు, రొట్టెలు తినలేను. తర్వాతి రౌండ్లలో కూడా దగ్గర్లో ఏమీ రాలేదు. ఎలా ఉంటుందో చెప్పండి. – ఒక విద్యార్థి, రాజమండ్రి

బాబూ, ముందు అభినందనలు. ఎన్ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకి, మిగతా సగం దేశమంతటికీ, కాబట్టి మన వరంగల్‌కి ఎంత మంది బయటివాళ్లొస్తారో మనవాళ్లూ అంతే దూరాలు వెళ్తారు, దాదాపు ఏ ఎన్ఐటీకి వెళ్లినా తెలుగు సీనియర్లు ఉంటారు. చేరే ముందే వాళ్లలో ఒకళ్లిద్దరితో మాట్లాడు. కానీ అక్కడికెళ్లాక రూమ్మేట్‌గా తెలుగువాడే కావాలని పట్టుబట్టకు. హిందీ మాట్లాడేవాడు పక్క మంచం మీద ఉంటే నువ్వు డిసెంబర్ కల్లా మాట్లాడేస్తావు, తప్పులు పట్టించుకోకు, మెస్‌లో ఇంకో రొట్టె అడగడానికి వ్యాకరణం అక్కర్లేదు. పాఠాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి చదువుకి ఇబ్బంది లేదు.

చలి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. హమీర్‌పూర్ కొండల్లో ఉంటుంది, నవంబర్ దాటాక రాత్రుళ్లు నువ్వు ఎప్పుడూ చూడని చలి. స్వెట్టర్లు, రజాయి రాజమండ్రిలో కొని మోసుకెళ్లకు, ఇక్కడ దొరికేవి అక్కడి చలికి ఆగవు, అక్కడే కొనుక్కో. ఒక జత థర్మల్స్, చెవులు మూసే టోపీ, ఉన్ని సాక్సులు, పెదాలకి రాసుకునే వాజిలిన్ చాలు మొదట్లో. స్నానం మానేయడం చాలామంది చేసే పని, దాంతో చర్మం దురదలు మొదలవుతాయి, వేడినీళ్ల టైం ఎప్పుడో కనుక్కుని ఆ టైంకి వెళ్లు.

తిండి విషయంలో, మెస్‌లో అన్నం కూడా ఉంటుంది, కాకపోతే దానికి తోడు రాజ్మా, కఢీ, పప్పు వాళ్ల తీరులో ఉంటాయి, మన పులుపు, మన కారం ఉండవు. పొడులు తీసుకెళ్లు, చింతపండు పచ్చడి ఒకటి తీసుకెళ్లు. రాజ్మా మొదటి రోజు నచ్చకపోవచ్చు, పదిరోజులు తిని అప్పుడు చెప్పు.

ప్రయాణం ముందే ప్లాన్ చేసుకో. రైల్లో ఊనా దాకా వెళ్లి, అక్కడ్నుంచి కొండ దారిలో బస్సు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే తెరుస్తారు, కాబట్టి అకడమిక్ క్యాలెండర్ చేతికి రాగానే సెమిస్టర్ సెలవుల తేదీలు చూసి ఆ 60వ రోజు పొద్దున్నే బుక్ చేసెయ్. ఇంట్లో అమ్మకి ఒక మాట ఇప్పుడే చెప్పి ఉంచు, మనకిచ్చినట్టు సంక్రాంతికి వారం సెలవులు అక్కడ ఉండవు, నువ్వు భోగికి వస్తావనుకుని ఆవిడ ఎదురుచూస్తుంది.

ప్రశ్న: ఫస్టియర్ వాట్సాప్ గ్రూపులో సీనియర్లు రాత్రి పదింటికి టెర్రస్ మీదకి ఇంటరాక్షన్‌కి రమ్మన్నారు, రాకపోతే గ్రూపులోంచి తీసేస్తాం, నోట్స్ ఇవ్వం అంటున్నారు. వెళ్లకపోతే నాలుగేళ్లు ఒంటరిగా ఉండాలేమో. – పేరూ ఊరూ రాయలేదు

వెళ్లొద్దు. పగలు క్యాంటీన్‌లోనో డిపార్ట్‌మెంట్ కారిడార్‌లోనో నలుగురిలో పేరు, ఊరు అడిగితే చెప్పు, నమస్తే పెట్టు, అది మర్యాద. రాత్రి పూట, తలుపులేసిన గదిలో, టెర్రస్ మీద, బెదిరింపుతో పిలిస్తే అది ర్యాగింగ్. బెదిరింపు వాట్సాప్‌లో జరిగినా ర్యాగింగ్ కిందకే వస్తుందని, అలాంటి గ్రూపుల మీద కన్నేసి ఉంచమని యూజీసీ 2025లో కాలేజీలకి చెప్పింది కూడా. నువ్వూ మీ పేరెంట్సూ చేరేటప్పుడు యాంటీ ర్యాగింగ్ అండర్‌టేకింగ్ ఆన్‌లైన్‌లో నింపారు గుర్తుందా, నిన్ను పిలుస్తున్న ఆ సీనియర్లు కూడా నింపినవాళ్లే, వాళ్లకి తెలుసు.

చట్టం మన దగ్గర 1997 నుంచే ఉంది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు, కొట్టినా బంధించినా ఇంకా ఎక్కువ, ఒక పిల్లవాడి చావుకి కారణమైతే పదేళ్లు లేదా యావజ్జీవం దాకా. యూజీసీ 2009 రెగ్యులేషన్స్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన 24 గంటల్లో కాలేజీ హెడ్ పోలీసులకి ఫిర్యాదు చేయాలి, "మేమే మాట్లాడి సర్దేస్తాం" అని ఊరుకోడానికి లేదు.

నువ్వు చేయాల్సింది: ఆ మెసేజులు డిలీట్ కాకముందే స్క్రీన్‌షాట్లు తీసి ఇంట్లో ఒకరికి పంపు. ఆ గ్రూపులో ఉన్న నీ బ్యాచ్‌వాళ్లలో నలుగురైదుగురితో మాట్లాడు, వాళ్లకీ ఇదే భయం, అందరూ కలిసి వార్డెన్ దగ్గరికి వెళ్తే ఒక్కరి పేరు బయటపడదు. వార్డెన్ కదలకపోతే 1800-180-5522, ఇది జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్, ఫ్రీ, రాత్రైనా పగలైనా ఎత్తుతారు. బాధపడినవాళ్లే చేయాలని లేదు, అన్నయ్యో ఫ్రెండో చేసినా తీసుకుంటారు. నోట్స్ గురించి బెంగ వద్దు, లైబ్రరీలో పుస్తకాలున్నాయి, పాత ప్రశ్నపత్రాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, మంచి సీనియర్లు నోట్స్ ఇవ్వడానికి టెర్రస్ మీదకి పిలవరు, వాళ్లంతట వాళ్లే పలకరిస్తారు, ప్రతి కాలేజీలోనూ ఉంటారు వాళ్లు.

చేరి ఎన్నాళ్లయిందో రాయలేదు. ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే దాన్ని మనసులో పెట్టుకుని కూర్చోకు, ఇవాళే చెప్పు.

ప్రశ్న: అమ్మాయికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చి చేర్చాం. పదో తరగతి అయిన పిల్ల, పదిహేనేళ్లు. రోజూ ఫోన్‌లో ఏడుస్తోంది, తీసుకుపొమ్మంటోంది. మా ఆయనేమో తీసుకొచ్చేద్దాం అంటున్నారు. – ఒక తల్లి, గుడివాడ దగ్గర పల్లె

తొందరపడకండమ్మా. ఈ ట్రిపుల్ ఐటీల్ని నడిపే యూనివర్సిటీ ఆర్జీయూకేటీ పెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం, 2008 నుంచి ఏటా పదో తరగతి పాసైన పిల్లలు ఇలాగే వచ్చి, రెండేళ్లు ఇంటర్ లాంటి పీయూసీ, నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివి వెళ్తున్నారు, వాళ్లలో మొదటి నెల ఏడవని పిల్లలు తక్కువ. పదిహేనేళ్లకి అమ్మ కావాలనిపించడం జబ్బు కాదు. ఏడుపు ఎప్పుడొస్తోందో గమనించండి. పగలు క్లాసుకి వెళ్తూ, తింటూ, మీ ఫోన్ రాగానే ఏడుస్తుంటే అది తగ్గిపోయే బెంగే. రోజుకి నాలుగుసార్లు ఫోన్ వద్దు, సాయంత్రం ఒక టైం పెట్టుకోండి, పావుగంట. "తిన్నావా, ఏం కూర" దగ్గర ఆగిపోకుండా పక్క మంచం అమ్మాయిది ఏ ఊరు, వాళ్ల నాన్న ఏం చేస్తారు, ఇవాళ ఏ సార్ వచ్చారు అని అడగండి, రెండు వారాల్లో ఆ పేర్లు తనే చెప్తుంది. మీరు ఫోన్‌లో ఏడవకండి. నాన్నగారు కూడా "వచ్చేస్తున్నా తీసుకుపోతా" అనే మాట వాడొద్దు, ఆ మాట అన్నాక పిల్ల అక్కడ ఉండాలనే ప్రయత్నం మానేస్తుంది. మొదటి వారాంతానికే ఇంటికి తీసుకురాకుండా మీరే వెళ్లి ఒక పూట ఉండి రండి, పండగ సెలవులకి ఎలాగూ వస్తుంది.

ఇంకోటి, నెలసరి గురించి తనతో మాట్లాడారా? మా హాస్టల్లో మొదటి నెలలో చాలామంది పిల్లలు గదిలో కూర్చుని ఏడ్చింది దాని గురించే, ప్యాడ్లు అయిపోయాయి, ఎవర్ని అడగాలో తెలియదు, దుప్పటి మరకైంది. రెండు నెలలకి సరిపడా ప్యాడ్లు, పాత న్యూస్ పేపర్లు, ఒక ముదురు రంగు దుప్పటి పంపండి, అక్కడ ఎవరిని అడగాలో, ఎక్కడ పారేయాలో కేర్‌టేకర్‌ని మీరే కనుక్కుని చెప్పండి.

కానీ పిల్ల తిండి మానేస్తే, రాత్రుళ్లు నిద్రపోకపోతే, క్లాసుకి వెళ్లకుండా గదిలోనే ఉండిపోతే, లేదా ఇన్నాళ్లూ ఏడ్చిన పిల్ల అకస్మాత్తుగా ఏమీ మాట్లాడకుండా అయిపోతే, చనిపోవాలనే మాట ఎలా అన్నా సరే, సర్దుకుంటుందిలే అని ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. 14416 అని టెలీ మానస్ నంబర్ ఉంది, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు, మీరు చేయొచ్చు, తనూ చేయొచ్చు. అలాంటప్పుడు కోర్సు గురించి ఆలోచన తర్వాత.

ప్రశ్న: రూమ్మేట్ రాత్రి రెండింటిదాకా లైటేసి స్పీకర్‌లో వీడియోలు చూస్తాడు, నా సబ్బు, నా బకెట్ వాడేస్తాడు. గొడవ పడటం ఇష్టం లేదు. – ఒక విద్యార్థి, అనంతపురం

చిరాకొచ్చిన రాత్రి మాట్లాడకు తమ్ముడూ, ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ తిన్నాక కూర్చుని మాట్లాడు. "నువ్విలా చేస్తున్నావ్" అని మొదలుపెడితే అతను వినడు, "నాకు పొద్దున ఏడింటికి లేవాలి, నిద్ర చాలట్లేదు" అని నీ అవసరం చెప్పు. పదకొండు దాటాక పెద్ద లైటు బంద్, ఇయర్‌ఫోన్స్, ఎవరికి కావాలంటే వాళ్లకి టేబుల్ ల్యాంప్, ఇంత ఒప్పందం చాలు. నీ వల్ల అతనికి ఏం ఇబ్బందో కూడా అడుగు, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. బకెట్ విషయం వదిలెయ్, బాత్రూంలో నీ బకెట్ ఖాళీగా ఉంటే ఎవరైనా వాడతారు, సబ్బు మాత్రం డబ్బాలో పెట్టి నీతోపాటు గదికి తెచ్చేసుకో. రెండు మూడుసార్లు చెప్పినా మారకపోతే సెమిస్టర్ మధ్యలో రూమ్ మార్పు కోసం వార్డెన్‌కి లెటర్ ఇవ్వు, కారణం ఒక్క లైన్‌లో రాయి, అతని మీద చాడీలు వద్దు, ఖాళీ ఉంటే మారుస్తారు.